కాసులపేరుకు కొత్త బేరింగులు

మా అమ్మకో కాసులపేరు ఉంది. అందరిళ్ళలోలాగా బీరువాలో పట్టుచీరల మధ్య ఉండదది. గొడ్లసావిట్లో, చిరుగుల పరదా కింద ఉంటుంది. బరువు టన్నున్నరకి కాస్త అటూ ఇటూ. రంగు ఎరుపు. చక్రాలు నాలుగు.

కంగారు పడకండి. అవనిగడ్డకు దగ్గర్లో మా పుట్టినూరు. 1968లో నాన్న పక్కూరి ఆసామి దగ్గర ఒక మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు బేరమాడి కొన్నాడు. ఆ రోజుల్లో కొత్త ట్రాక్టరు కావాలంటే చేతిలో డబ్బుంటే చాలదు, పేరు రాయించుకుని ఎదురు చూస్తూ కూర్చోవాలి. అందుకని పాతదే కొన్నాడు. చాలని డబ్బు అమ్మ మెడలోంచి వచ్చింది. అమ్మమ్మ పెట్టిన కాసులపేరు బందరు తీసుకెళ్ళి అమ్మేశారు. అమ్మ ఏడవలేదు, అలగలేదు. కాని ట్రాక్టరు వీధిలోంచి వెళ్తున్నప్పుడల్లా చేతిలో పని ఆపి, ఇరుగుపొరుగుకి వినపడేటట్టు, "అదుగో, నా కాసులపేరు పొలం వెళ్తోంది" అనేది. నాన్న తలెత్తకుండా స్టీరింగు కేసి చూసుకునేవాడు. రానురాను ఊరంతా దానికి ఆ పేరే ఖాయం చేసింది. "ఏం బాబాయ్, రేపు కాసులపేరు మా చేలోకి పంపిస్తావా?" అని అడిగేవారు.

ఈ కాసులపేరంటే నాకు మాత్రం నలభై ఆరేళ్ళ కోపం. ఆ కోపం సంగతి ముందు చెప్పాలి. లేకపోతే బేరింగుల గోల మీకెందుకని పేజీ తిప్పేస్తారు.

నా పెళ్ళి 1978 వైశాఖంలో జరిగింది. మా అత్తవారిది చల్లపల్లి అవతల పల్లెటూరు, మాకు పన్నెండు మైళ్ళు. కాపురానికి పంపేటప్పుడు మంచం, బీరువా, బిందెలు, గంగాళం, లడ్లూ అరిసెల గంపలు, చలిమిడి, అన్నీ పద్ధతిగానే పెట్టారు. మా అత్తగారు వీధి అరుగుమీద చుట్టాలందర్నీ కూర్చోబెట్టుకుని, "మా వియ్యపరాలి వాళ్ళకి ట్రాక్టరుంది, సారె ట్రాక్టరు మీదొస్తుంది" అని పొద్దుటినుంచీ చెబుతున్నారట. మిట్టమధ్యాహ్నం రెండు ఎడ్లబళ్ళు వచ్చి ఆగాయి. లడ్లు ఎండకి చితికిపోయాయి. ఎడ్లు నురగలు కక్కుతున్నాయి. ఆవిడ మొహం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా పురుళ్ళకు రాత్రిళ్ళు మేలుకుని చేసింది. కాని ఆ మాట మాత్రం వదల్లేదు. ఇంట్లో ఎవరి పెళ్ళి ప్రస్తావన వచ్చినా, "ట్రాక్టరు పొలానికీ, ఎడ్లబండి కూతురికీనమ్మా" అనేది. ఇరవై రెండేళ్ళు విన్నాను. నాన్నని ఒక్కసారే అడిగాను, మొదటి దసరాకి పుట్టింటికి వచ్చినప్పుడు. "అది దూరాలకి పోదమ్మా" అని తువ్వాలు భుజానేసుకుని లేచి వెళ్ళిపోయాడు. పొలానికి పోయేది, మిల్లుకి పోయేది, కూతురి సారెకి మాత్రం పోదా? నేను మళ్ళీ అడగలేదు. అడగని మాట కడుపులో ఎంతకాలం ఉంటుందో ఆడవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

1986లో తమ్ముడు కొత్త ట్రాక్టరు కొన్నాడు. కాసులపేరు సావిట్లో చేరింది. 1999లో నాన్న పోయాడు. 2024 సంక్రాంతికి మేమంతా చేరినప్పుడు తమ్ముడు, "సావిడి పడగొట్టి కారుకి షెడ్డు వేస్తున్నానక్కా, ఆ పాత ఇనుము కిలోల లెక్కన ఇచ్చేస్తున్నా" అన్నాడు. అమ్మకప్పుడు ఎనభై ఆరు. ఒక పూటంతా ఏమీ అనలేదు. రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ, "ఒక్కసారి దాని చప్పుడు వినిపించి తర్వాత పంపెయ్యండిరా" అంది.

అమ్మ తన కోసం ఏదైనా అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తమ్ముడు కాసేపు గోడకేసి చూసి, "సరే, మేస్త్రిని పిలిపిస్తా. లోపల క్రాంకు బాగుంటే బాగుచేయిద్దాం. క్రాంకు పోయిందంటే మాత్రం ఆదివారం లారీ వస్తుంది, మళ్ళీ నన్నేమీ అనకూడదు" అన్నాడు. మా మేనల్లుడు ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి పాత బళ్ళంటే పిచ్చి. తాతయ్య ట్రాక్టరు అనగానే సెలవు పొడిగించేసుకున్నాడు.

వచ్చిన మేస్త్రికి డెబ్బై దగ్గరుంటాయి. నోట్లో వక్కపలుకు, చేతిలో రేకుపెట్టె. తమ్ముడు, "బ్యాటరీ తెప్పించమంటారా, స్టార్టు చేసి చూద్దామా?" అన్నాడు. ఆయన ట్రాక్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ముప్ఫై ఎనిమిదేళ్ళు పడుకున్న ఇంజను బాబూ. బేరింగులు చూడకుండా నేను తాళం తిప్పను" అన్నాడు. సిలిండర్లలోకి నూనె వదిలి వారం నానబెట్టాక, చేత్తో తిప్పితే ఇంజను మూలుగుతూ కదిలింది. ఆ వారం పొడుగునా మావారు ఇంటినుంచి ఫోను చేసి, "ఏమోయ్, నువ్వొస్తున్నావా, ట్రాక్టరొస్తోందా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఆ రోజు అరుగుమీద కూర్చున్న అమ్మ హఠాత్తుగా, "రెండోది చూడమను" అంది. అమ్మకి వినికిడి తగ్గింది, మాట కూడా సందర్భం లేకుండా వస్తూంటుంది. మా మరదలు, "కాఫీ సంగతేమో వదినా" అని లోపలికెళ్ళి మేస్త్రికి రెండో గ్లాసు కాఫీ పట్టుకొచ్చింది. ఆయన వద్దనకుండా తాగాడు. అమ్మ ఇంకేమీ అనలేదు.

బేరింగంటే నేననుకున్నది సైకిలు చక్రంలో గుండ్రటి గోళీలుంటాయే, అవి. క్రాంకు దగ్గర గోళీలు ఉండవట. వెడల్పాటి పట్టీ గాజుని నిలువునా రెండు ముక్కలు చేస్తే ఎలా ఉంటుందో అలాంటి రెండు రేకు చిప్పలుంటాయి. వాటిని షెల్లులంటారు. ఈ ఇంజనుకి సిలిండర్లు మూడు. పిస్టను కిందినుంచి వచ్చే రాడ్డు క్రాంకుని కౌగిలించుకునే చోట బిగెండ్ బేరింగులు మూడు. క్రాంకుని ఇంజను ఒంట్లో పట్టి నిలబెట్టే మెయిన్ బేరింగులు నాలుగు. రాడ్డు పట్టుకునే చోట క్రాంకు లావు రెండుంపావు అంగుళాలుంటుంది. దానికీ షెల్లుకీ మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతులు రెండో మూడో. ఆ వెయ్యో వంతుని వీళ్ళు 'థౌ' అంటారు. "మీ తలవెంట్రుక మందం ఇంచుమించు మూడు థౌ ఉంటుందమ్మా" అన్నాడు మేస్త్రి. నా జడలో వెంట్రుక ఒకటి తెంపి చూసుకున్నాను. ఇంత సందులో నూనె పొర నిలబడుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ క్రాంకు ఆ నూనెమీదే తేలుతుందిట, ఇనుము షెల్లుని తాకనే తాకదు. తాకిందీ అంటే అరుగుదల మొదలయినట్టే. సందు పెరిగిపోతే నూనె పక్కలనుంచి కారిపోతుంది, పొర నిలవదు, నూనె ఒత్తిడి ముల్లు పడిపోతుంది, ఇంజను డబడబమని కొట్టుకోవడం మొదలెడుతుంది.

మా అమ్మ అట్లు పోసేటప్పుడు ఉల్లిపాయ ముక్కతో పెనం మీద నూనె రాసేది. పల్చగా, సమంగా. అంతేనన్నమాట.

మొదట పాత నూనె వదిలించాడు. నల్లగా, పెసరకట్టు చిక్కన. "ఒక తెల్లటి పళ్ళెం ఇప్పించండమ్మా" అన్నాడు. మరదలు స్టీలుపళ్ళెం ఇచ్చింది. అందులో కాస్త నూనె పల్చగా పరిచి ఎండలో అటూ ఇటూ వంచాడు. నల్లటి నూనెలో సన్నటి మెరుపులు. ముగ్గులో కలిపే అభ్రకంలాగా చూడ్డానికి ముచ్చటగానే ఉంది గాని, ఆయన నుదురు ముడిపడింది. అయస్కాంతం పెట్టి చూశాడు. కొన్ని రేణువులు అంటుకున్నాయి, మిగతావి అంటుకోలేదు. "అంటుకున్నది ఇనుము. అంటుకోనిది, ఇదుగో ఈ రాగిరంగుది, బేరింగు. ఎక్కడో పైపూత అరిగిపోయి లోపల రాగి బయటపడిందమ్మా." తమ్ముడు నాకేసి చూశాడు. ఆదివారానికి మూడు రోజులుంది.

అప్పుడు జాకీ పెట్టి, కింది ఆయిలు ఛాంబరు ఇద్దరు మనుషులు మోసి దింపారు. పోతపోసిన ఇనుము, అత్తవారు పెట్టిన గంగాళమంత బరువు. మేస్త్రి గోనెపట్టా పరుచుకుని కిందికి దూరి, రాడ్ల టోపీలు ఒక్కొక్కటీ విప్పసాగాడు. ఒకదాని టోపీ ఇంకోదానికి పెట్టకూడదట, ఏ జంటకి ఆ జంటే. ముందు వెనకలు కూడా తిరగేయకూడదు. అందుకే వాటిమీద అంకెలు కొట్టి ఉంటాయి. వియ్యాలవారి గాజులు కలిసిపోకుండా దారాలు కట్టినట్టు మా మేనల్లుడు ఒక్కో జతనీ విడివిడిగా గుడ్డముక్కల్లో పెట్టాడు.

ఒకటో నంబరు షెల్లు తుడిచి నా చేతిలో పెట్టారు. వాడిన వెండికంచం రంగు. మెరుపు లేదు, కానీ నునుపుగా ఉంది. "ఇది ఆరోగ్యం" అన్నాడు మేస్త్రి. మూడో నంబరుకి సన్నటి గీతలున్నాయి, వేలిగోరు వాటిలో ఆగలేదు. "ఇదీ ఫరవాలేదు." రెండో నంబరు విప్పాక కిందినుంచి కాసేపు మాట లేదు. తర్వాత చెయ్యి ఒక్కటి బయటికొచ్చింది. అరచేతిలో షెల్లు. సగం మేర రాగిరంగు తేలిపోయి, చూడగానే తెలిసిపోయేట్టుగా ఉంది. నిప్పుమీద పడ్డ దెబ్బంతా ఈ పైముక్కే కాస్తుందట, అందుకని ముందు ఇదే పోతుంది.

"రెండోది," అంది అమ్మ అరుగుమీంచి. ఈసారి ఎవ్వరం కాఫీ తేలేదు.

షెల్లు తిరగేస్తే వెనక 020 అని అంకె కొట్టి ఉంది. క్రాంకు అరిగి కోలగా తయారైనప్పుడు దాన్ని గ్రైండింగు చేసి మళ్ళీ గుండ్రంగా తీసుకొస్తారు. (నాకు తెలిసిన గ్రైండింగు ఇడ్లీపిండిదే. అడిగితే మేనల్లుడు నవ్వాడు.) చెక్కితే సన్నబడుతుంది కదా, ఆ మేరకి మందమైన షెల్లులు వేస్తారు. పది సైజు, ఇరవై సైజు, ముప్పై సైజు అని మూడు మెట్లు. ముప్పై తర్వాత మెట్టు లేదు. మాది అప్పటికే ఇరవై. క్రాంకు మీద మైక్రోమీటరు పెట్టి, ఒక్కో చోటా నిలువునా అడ్డంగా, ఈ అంచునా ఆ అంచునా నాలుగేసి కొలతలు తీశాడు. ఒకటీ మూడూ గుండ్రంగానే ఉన్నాయి. రెండోది మూడు థౌ కోల. పైగా గీతలు.

"ముప్పైకి తెగుతుందా, మేస్త్రి గారూ?" అన్నాడు తమ్ముడు. లారీవాడికి ఫోను చెయ్యాలన్న ఆత్రం ఆ గొంతులో లేదని నాకప్పుడు తోచింది.

"తెగాలి. అయితే క్రాంకులో చీలిక లేదని చూసుకోవాలి." ఇలా అంటూనే రెండో నంబరు టోపీలోంచి కింది షెల్లుని గోటితో లేవదీశాడు. దాని వెనక ఏదో అంటుకుని ఉంది. నూనెకి నల్లబడిపోయింది. కిరసనాయిల్లో కడిగితే తళుక్కుమంది. సిగరెట్టు పెట్టెలో ఉండే వెండికాయితం, కత్తెరతో షెల్లు కొలతకి నీటుగా కత్తిరించి ఉంది.

మేస్త్రి తల పంకించాడు. "ప్యాకింగు పెట్టారమ్మా. షెల్లు అరిగి సందు పెరిగింది. కొత్త సెట్టు కొని క్రాంకు గ్రైండింగు చేయించడానికి డబ్బు లేకపోతే వెనక ఇలా కాయితం పెట్టి షెల్లుని ముందుకి నెడతారు. చప్పుడు తగ్గుతుంది. కాని తప్పు. షెల్లు వెనక ఇనుముని గట్టిగా హత్తుకుని ఉండాలి. అప్పుడే దాని వేడి బయటికి పోతుంది. మధ్యలో కాయితం ఉంటే వేడి పోదు. బరువులాగిస్తే, ఎక్కువ దూరం తోలితే షెల్లు పట్టేస్తుంది, రాడ్డు విరిగి ఇంజను పక్కనుంచి బయటికొస్తుంది. ఇది నెలా రెండు నెలలు గడుపుకోవడానికే. ఇన్నాళ్ళెలా ఆగిందో నాకు అర్థం కావట్లేదు."

మేనల్లుడు ప్లాస్టిగేజ్ అని ఒకటి తెప్పించాడు. సన్నటి మైనపు పోగు, సేమియాకన్నా సన్నం. దాన్ని క్రాంకు మీద అడ్డంగా పెట్టి, టోపీ బిగించి, క్రాంకుని ఏమాత్రం తిప్పకుండా మళ్ళీ విప్పితే, పోగు అప్పడంలా అణిగి ఉంటుంది. ఎంత వెడల్పుగా అణిగితే సందు అంత తక్కువ. పక్కన కాయితం మీద గీతలుంటాయి, వాటితో సరిచూసుకోవడమే. వాడు రెండో నంబరుకి రెండుసార్లు చూశాడు. వెండికాయితం తీసేసి చూస్తే ఆరు థౌకి పైనే, కొలత కాయితం మీద గీతలు కూడా అయిపోయాయి. వెండికాయితం పెట్టి చూస్తే నాలుగు. తాతయ్య సిగరెట్టు తాగేవాడా అని అడిగాడు. తాగేవాడు కాదు.

నేను ఆ కాయితం ముక్క పట్టుకుని అరుగు దగ్గరికెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. గట్టిగా, "ఇదేంటమ్మా?" అన్నాను. అమ్మ దాన్ని వేళ్ళతో రాసి చూసి, "ఇంకా ఉందీ?" అంది.

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెన గురించి ఆ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వేలమంది పోయారు. నీళ్ళు మా ఊరిదాకా రాలేదు గాని గాలికి చేతికొచ్చిన పంటంతా నేలపాలయింది. నేనప్పుడు విజయవాడలో పిన్నిగారింట్లో ఉండి చదువుకుంటున్నాను. దార్లు బాగుపడేదాకా నన్ను రానివ్వలేదు. అందుకని ఈ సంగతులు నాకు తెలియవు. ఆ మర్నాటినుంచీ దాదాపు నెల్లాళ్ళు నాన్న ట్రాక్టరు దిగలేదట. కిందూళ్ళకి మంచినీళ్ళ డ్రమ్ములు, బియ్యం, బట్టలు. "వచ్చేటప్పుడు?" అన్నాను. "వచ్చేటప్పుడేమిటి, అటు వెళ్ళినచోటే పని" అని అమ్మ మొహం తిప్పుకుంది. కాసేపాగి, "ట్రక్కు కడిగి కడిగి నా చేతులు పాచిపోయాయి" అంది. నేనింక ఆ సంగతి అడగలేదు.

బురదనీళ్ళలో, ఉప్పునీళ్ళలో పగలూ రాత్రీ తిరిగింది. నూనె మార్చే తీరికెక్కడిది, అసలు నూనె ఎక్కడ దొరుకుతుంది? జనవరికల్లా ఇంజను కొట్టుకోవడం మొదలెట్టింది. అప్పటి మేస్త్రి పెద్ద స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడట. తర్వాత ఇంజను తిరుగుతుండగానే డీజిలు పైపులు ఒక్కొక్కటీ వదులు చేశాడట. ఏ పైపు వదిలితే చప్పుడు తగ్గుతుందో రోగం ఆ సిలిండరుదే. రెండో పైపు వదలగానే చప్పుడు సద్దుమణిగింది. "రెండోది పోయిందండీ, క్రాంకు గ్రైండింగుకి బెజవాడ పంపాలి" అన్నాడు.

"డబ్బుంది, ఒక్క పనికి సరిపడా," అంది అమ్మ. "నీ పెళ్ళో, అదో."

ఆ మేస్త్రి తన జేబులో సిగరెట్టు పెట్టె తీసి వెండికాయితం కత్తిరించి పెట్టాడు. బరువు లాగొద్దు, దూరం పోవద్దు, నూనె తరచూ మార్చు అని చెప్పాడు. తర్వాత సంవత్సరాలన్నీ నాన్న ఆ మూడు మాటలూ జపంలా పాటించాడు. మేము ఏమనుకున్నాం? నాన్నకి భయమెక్కువనుకున్నాం. కాసులపేరు నత్తనడక నడుస్తుందని ఊళ్ళో పిల్లలు పక్కన పరుగెత్తి దాన్ని దాటిపోయేవారు. తమ్ముడు నడపబోతే నాన్న గొడవ చేసేవాడు. సంసారంలో నూనెకి కొరతైనా ఇంజనులో నూనె మార్చడం మానడని అమ్మ సణిగేదని నాకు గుర్తు. ఆ సణుగుడు కూడా నాటకమేనని ఇప్పుడు తెలిసింది.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ఇరవై రెండేళ్ళు మాట పడ్డాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"చెప్తే నువ్వు మీ ఆయనకి చెప్తావు. మీ ఆయన వాళ్ళమ్మకి చెప్తాడు. ట్రాక్టరు బాగుచేయించుకోలేనివాడు కట్నం ఎక్కడ తెచ్చాడని అప్పులు తవ్వేవాళ్ళు. బండిమీద సారె పంపాడంటే పిసినారి అంటారు. అంటే అననీ అన్నాడు మీ నాన్న." అమ్మ వెండికాయితం మడిచి బొడ్లో దోపుకుంది.

పిసినారి అని అత్తగారొక్కరే అనుకున్నారా? నేనూ అనుకున్నాను. పైకి అనలేదంతే. సావిట్లోకి వెళ్ళి చూస్తే మేస్త్రి రెండో రాడ్డుకి నూనెగుడ్డ చుడుతున్నాడు. నన్ను చూసి, "తోలినాయన ఎవరోగాని చెయ్యి మంచిదమ్మా" అన్నాడు.

ఆదివారం లారీ రాలేదు. తమ్ముడే ఫోను చేసి వద్దన్నాడు. క్రాంకు పూర్తిగా బయటికి తీసి తాడుతో వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టారు. కుండ కొనేటప్పుడు మనం వేళ్ళతో కొట్టి చూస్తాం కదా, అలాగే. గుడిగంటలా ఖంగుమంది. పగులుంటే డబ్బుమంటుందట. తర్వాత దాన్ని విజయవాడ ఆటోనగర్‌కి పంపారు. ముప్పైకి తెగింది. "ఇదే ఆఖరు" అని అక్కడివాళ్ళు చీటీ రాసి పంపించారు. మెయిన్ బేరింగులు, బిగెండులు, వాటి బోల్టులు అన్నీ కొత్తవి. మేనల్లుడు మళ్ళీ మైనపు పోగులు పెట్టి ఏడింటికీ సందు చూశాడు. రెండో నంబరు రెండు థౌ మీద కాస్త. వాడు ఫోనులో ఫోటో తీసి అందరికీ పంపాడు. మావారు దాన్ని చూసి, "ఇదేమిటోయ్, అణిగిపోయిన సేమియా?" అన్నారు.

బ్యాటరీ పెట్టిన రోజున అమ్మని సావిడి ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. డీజిలు ఇవ్వకుండా ఊరికే తిప్పితిప్పి, నూనె ముల్లు లేచేదాకా ఆగాడు మేస్త్రి. తర్వాత డీజిలు ఇచ్చాడు. ఒకసారి దగ్గి, గొట్టంలోంచి నల్లగా కక్కి, అందుకుంది. ముల్లు యాభై మీద నిలబడింది. వేడెక్కాక ముప్పైకి తగ్గకూడదట, నలభై దగ్గర ఆగింది. నేను చూసింది ముల్లునే. నాకు కళ్ళకి అడ్డం పడింది, మిగతాది సరిగ్గా కనిపించలేదు.

అమ్మ కుర్చీ దగ్గరికి జరిపించుకుని చెయ్యి ఇంజను పక్కన ఆనించింది. చెవి పనిచెయ్యకపోతే చెయ్యి పనిచేస్తుందన్నట్టు. చాలాసేపు అలాగే ఉంది. "రెండోది కొట్టుకోవట్లేదు" అంది చివరికి.

ఆ సాయంత్రం వంటింట్లో చలిమిడి పాకం వాసన వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మరదలిచేత అమ్మ చలిమిడి చేయిస్తోంది. అరిసెలకి బియ్యం నానబోశారు. కొబ్బరికాయలు, అరటి గెల, రవికెల గుడ్డ. "రేపు ట్రక్కు తగిలించి అక్కయ్యని ట్రాక్టరు మీద దింపిరారా" అని తమ్ముడితో అంటోంది. నాకు అరవై ఆరేళ్ళు. మోకాళ్ళు నొప్పులు. అయినా ఒక్క క్షణం మా అత్తగారి అరుగు, దానిమీద ఆవిడ, పక్కన చుట్టాలు నా కళ్ళముందు కట్టినట్టు కనిపించారు.

మేస్త్రి చేతులు కడుక్కుంటూ ఈ మాట విన్నాడు. "ట్రక్కా? వీల్లేదమ్మా. కొత్త బేరింగులు. మొదటి యాభై గంటలు బరువు లాగించకూడదు, దూరం పంపకూడదు. పొలంలో ఖాళీగా తిప్పుకోండి, అంతే."

అమ్మ నాకేసి చూసింది. నేను అమ్మకేసి చూశాను. ఇద్దరం ఒకేసారి నవ్వడం మొదలెట్టాం. కారణం తెలియక మేస్త్రి బిత్తరపోయాడు.

మర్నాడు చలిమిడి డబ్బా ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి కారులో మా ఊరు చేరాను. మావారు గేటు తీస్తూ వెనకాల రోడ్డుకేసి చూశారు. "ట్రాక్టరేదీ?" అన్నారు.

"అది దూరాలకి పోదండీ" అన్నాను.